గోడ ఎవరికి కావాలి? నెల్లూరు, ప్రకాశం అనుభవంలో మతమూ ప్రభుత్వమూ

మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచాలన్నది నాస్తికుల కోరిక మాత్రమేనని చాలామంది అనుకుంటారు. కానీ ఆ కోరికను మొదట గట్టిగా వినిపించినవారిలో దైవభక్తులే ముందున్నారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, డాన్‌బరీ ప్రాంతపు బాప్టిస్టులు 1801లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఒక విన్నపం పంపారు. అప్పట్లో ఆ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చికి ప్రభుత్వ ఆదరణ ఉండేది. దాని ఖర్చులకు జనం పన్ను కట్టాలి. తాము వేరే సంఘానికి చెందినవారమని మినహాయింపు కోరేవారు ధ్రువపత్రం తెచ్చి చూపించాలి. దేవుణ్ని ఏ రీతిగా కొలవాలో నిర్ణయించుకునే హక్కు ప్రభుత్వం దయతలచి ఇచ్చే రాయితీగా మారడం బాప్టిస్టులకు అవమానంగా తోచింది. 1802 జనవరి 1న జెఫర్సన్ వారికి జవాబు రాశారు. చర్చికీ రాజ్యానికీ నడుమ ఉండవలసిన గోడ గురించిన ప్రసిద్ధమైన మాట ఆ జవాబులోదే.

ఆ బాప్టిస్టు శాఖకు చెందిన అమెరికన్ మిషనరీలే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. శామ్యూల్ డే అక్కడ పని మొదలుపెట్టారు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరారు. ఈ ప్రాంతం ఆయనను క్లౌ దొర అనే పిలుచుకుంది. సొంత దేశంలో గోడ కావాలని అడిగిన మతశాఖ ఒకటి, గోడ అన్న ఊహే లేని వలస రాజ్యంలోకి వచ్చి, కరవులో, జైలులాంటి సెటిల్‌మెంట్లలో ఆ ప్రభుత్వంతోనే కలిసి పనిచేయవలసి వచ్చింది. అందుకే మతమూ ప్రభుత్వమూ కలిస్తే ఏమవుతుందో, విడిగా ఉంటే ఏమవుతుందో చూడటానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాలంత చక్కని నేల తెలుగునాట మరొకటి దొరకదు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఇక్కడ చర్చ కాదు. దేవుణ్ని నమ్మని మనిషి తన ప్రభుత్వాన్ని ఏమి అడుగుతున్నాడు, ఆ అడగడంలో న్యాయం ఎంత అన్నదే ప్రశ్న.

1876 నుంచి 1878 వరకు సాగిన కరవును పాతతరం ధాత కరువు అని చెప్పుకునేది. ఆ రోజుల్లో ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. క్లౌ అందులో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. మిషనరీ కాకముందు సర్వే పని తెలిసిన మనిషి ఆయన. వేలమంది మట్టి మోశారు, కూలి తీసుకున్నారు, బతికారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని ఆపి నీడన కూర్చున్నప్పుడు సువార్త కూడా చెప్పారు. సహజంగానే బాప్తిస్మం ఇమ్మని అడిగేవారి సంఖ్య పెరిగింది.

అప్పుడు క్లౌ తీసుకున్న నిర్ణయాన్ని నాస్తికులు కూడా శ్రద్ధగా చదవాలి. కరవు సాయం పంచుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవారినీ ఆగమన్నారు. సాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. క్రైస్తవ చరిత్రల్లో ఆ సంఖ్యకు దక్కిన ప్రచారం అంతకు ముందు ఆపిన నెలలకు దక్కలేదు. అసలు గొప్పతనం ఆ ఆపడంలోనే ఉంది. గంజి పోసే చేతికి విశ్వాసం గురించి అడిగే హక్కు ఉండకూడదని ఆయనకు తెలుసు. మేస్త్రీ, బోధకుడు ఒకరే అయినప్పుడు ఆ గీత పూర్తిగా నిలవదన్నదీ నిజమే. అయినా, ఇంత జనాన్ని మతంలోకి ఆహ్వానిస్తున్న మనిషే, ఏ చట్టమూ ఒత్తిడి చేయకుండా, ఆ గీత గీయవలసిన అవసరం గుర్తించాడు. మతం, ప్రభుత్వం విడిగా ఉండాలన్న వాదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాస్తిక గ్రంథాల్లోనూ కనిపించదు.

నలభై ఏళ్లు గడవకముందే అదే ప్రాంతంలో ఆ గీత చెరిగిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఒక కులంలో పుట్టడమే నేరానికి రుజువుగా చూసిన చట్టం అది. ఎరుకల కుటుంబాల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కాయి. వారిని సెటిల్‌మెంట్లలో ఉంచే అధికారాన్నీ, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ బడులలో పెట్టే అధికారాన్నీ ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ సెటిల్‌మెంట్లలో కొన్నింటిని నడిపే పని మత సంస్థల చేతికి వచ్చింది. కావలిలోని సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్ప కూడా ఇదే చరిత్ర మోసిన ఊరు.

ఆ ఏర్పాటును దగ్గరగా చూడాలి. హాజరు పట్టీ, బయటికి వెళ్లడానికి అనుమతి చీటీ, పనికి కూలి, పిల్లలకు బడి, ఆదివారం ప్రార్థన: అన్నీ ఒకే పాలక వర్గం చేతిలో ఉండేవి. అక్కడ పనిచేసిన మిషనరీల్లో దయగలవారు లేరని కాదు. చదువు చెప్పారు, వైద్యం చేశారు, చేతిపనులు నేర్పారు. అయితే చీటీ మీద సంతకం పెట్టే మనిషే ప్రార్థనకు పిలిస్తే, వచ్చినవారు ఇష్టంతో వచ్చారా, భయంతో వచ్చారా అన్నది ఎవరూ తేల్చలేరు. వచ్చినవారికే తేలదు. ప్రభుత్వానికి తక్కువ ఖర్చుతో కాపలాదారు దొరికాడు. చర్చికి కదలడానికి వీల్లేని శ్రోతలు దొరికారు. డాన్‌బరీ బాప్టిస్టులు ధ్రువపత్రం చూపించమంటేనే నొచ్చుకున్నారు. కావలిలో వారి మతశాఖే ఇతరుల కదలికలకు చీటీలు రాసింది. తప్పు మనుషుల మంచితనంలో లేదు, అధికారమూ ఆరాధనా ఒకే గొడుగు కిందికి రావడంలో ఉంది.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. దాని మచ్చ మాత్రం పోలేదు. 1974 నుంచి స్టూవర్టుపురంలో, కప్పరాళ్లతిప్పలో ఆ కుటుంబాలతో కలిసి పనిచేయడానికి వెళ్లిన దంపతులు లవణం, హేమలతా లవణం. లవణం నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కుమారుడు. హేమలత కవి గుర్రం జాషువా కుమార్తె. నేరం వదిలి కొత్త బతుకు మొదలుపెట్టాలనుకునేవారికి భూమి, ఉపాధి, పిల్లల చదువు చూపించాలని వారు ప్రభుత్వాన్ని ఒప్పించారు. పాపం, ప్రాయశ్చిత్తం అన్న భాషలో కాకుండా హక్కులు, పునరావాసం అన్న భాషలో మాట్లాడారు. దేవుడి భయం లేకపోతే మనిషి బాగుపడడన్న వాదనకు ఈ రెండు ఊళ్లలో జరిగిన పని ఒక జవాబు. ఆ జవాబును నాస్తికులు సైతం తగినంతగా చెప్పుకోలేదు.

ఇదంతా చర్చి కథే అనుకుంటే పొరపాటు. దేవాలయాల విషయంలో ముడి ఇంకా పాతది, ఇంకా గట్టిది. 1817లో మద్రాసు రెగ్యులేషన్ ద్వారా ఈస్టిండియా కంపెనీ దేవాలయాల ఆస్తుల పర్యవేక్షణ తీసుకుంది. కలెక్టరు ఆదాయవ్యయాలు చూసేవాడు. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం అండగా నిలబడుతోందని మిషనరీలు, ఇంగ్లండులో వారి మద్దతుదారులు గోల చేశారు. కంపెనీ నెమ్మదిగా చేయి తీసింది. 1863 చట్టంతో ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. ఫలితం అందరూ ఆశించినట్టు రాలేదు. మాన్యాలు ధర్మకర్తల ఇళ్లకు చేరాయి, లెక్కలు చూపేవారు లేరు. మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1920లలో హిందూ మత ధర్మాదాయ చట్టం తెచ్చి మళ్లీ నియంత్రణ మొదలుపెట్టింది. 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చాకే దళితులకు గుడి తలుపులు చట్టబద్ధంగా తెరుచుకున్నాయి. నేడు తల్పగిరి రంగనాథుడి గుడి నుంచి జొన్నవాడ, పెంచలకోన వరకు అన్నీ 1987 నాటి చట్టం కింద దేవాదాయ శాఖ చూస్తున్నవే.

గుళ్లను ప్రభుత్వం వదిలేయాలన్న డిమాండ్ ఇటీవల గట్టిగా వినిపిస్తోంది. దాన్ని వినిపిస్తున్నవారు ఎక్కువగా భక్తులు. సూత్రం ప్రకారం నాస్తికుడు కూడా ఔననాలి. హుండీ లెక్కపెట్టడం, ప్రసాదం టెండరు పిలవడం, అర్చకుడికి జీతం నిర్ణయించడం మతంతో సంబంధం లేని ప్రభుత్వం చేయవలసిన పనులు కావు. కానీ 1863 అనుభవం కళ్ల ముందే ఉంది. ప్రభుత్వం తప్పుకుంటే గుడి భక్తులకు దక్కుతుందా, ఊళ్లో బలమున్న రెండు మూడు కుటుంబాలకు దక్కుతుందా? రాజ్యాంగంలోని 25వ అధికరణం మత సంబంధమైన ఆర్థిక వ్యవహారాలను నియంత్రించడానికి, హిందూ ఆలయాలను అన్ని కులాలకూ తెరిపించడానికి ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. సరైన దారి ఆ నియంత్రణను ఏ ధర్మాదాయ సంస్థకైనా వర్తించే ఆడిట్, భూముల రక్షణ, ప్రవేశ హక్కు అన్న మూడింటికి కుదించి, పూజ నిర్వహణ నుంచి ప్రభుత్వాన్ని తప్పించడమే. అది ఒక్క జీవోతో అయ్యే పని కాదు. ఆక్రమణలో ఉన్న మాన్యాల సంగతి తేలకుండా తప్పుకుంటే దోచుకున్నవాడికే బహుమతి ఇచ్చినట్టవుతుంది.

మన రాజ్యాంగం రాసినవారికి ఈ చిక్కులు తెలుసు. ప్రవేశిక దేవుడి పేరుతో మొదలవ్వాలని 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. వ్యతిరేకించినవారిలో చాలామంది నిత్యం పూజ చేసుకునేవారే. దేవుణ్ని ఓటుకు పెట్టవద్దని, ఒకరి విశ్వాసాన్ని అందరి పేరుతో రాయవద్దని వారి భావన. అంతకు ఏడాది ముందు, ప్రభుత్వానికి ఏ మతంతోనూ సంబంధం ఉండరాదని స్పష్టంగా రాయాలని మరో సభ్యుడు కె.టి. షా కోరితే సభ ఒప్పుకోలేదు. కాబట్టి మనకు అమెరికా తరహా గోడ లేదు. దాని బదులు కొన్ని తలుపులు, కొన్ని కిటికీలు ఉన్నాయి. మతప్రచారం కోసమని ప్రత్యేకంగా పన్ను వేయరాదని 27వ అధికరణం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండరాదని 28వ అధికరణం చెబుతాయి. పదవీ ప్రమాణం దైవసాక్షిగా చేయవచ్చు, దేవుడి పేరెత్తకుండానూ చేయవచ్చు. ఈ చివరి హక్కు చిన్నదిగా కనిపిస్తుంది. దాని కోసం బ్రిటన్‌లో నాస్తికుడైన చార్లెస్ బ్రాడ్లా 1880లో గెలిచిన పార్లమెంటు సీటులో కూర్చోవడానికి 1886 దాకా పోరాడారు.

ఆచరణలో ఈ తలుపుల గుండా డబ్బు ధారాళంగా వెళ్తోంది. 2019–24 ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఇమామ్‌లకు నెలకు 10,000, అజాన్ పిలిచే మౌజన్‌లకు 5,000, పాస్టర్లకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఖరారైంది. చిన్న గుళ్ల ధూపదీప నైవేద్యాలకు ప్రభుత్వ పథకం ఉంది. జెరూసలేం యాత్రకు వెళ్లే, ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న క్రైస్తవులకిచ్చే సాయాన్ని 2019లో 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచారు. ఇవన్నీ 27వ అధికరణానికి విరుద్ధం కావా అంటే, న్యాయస్థానాల జవాబు నాస్తికులకు రుచించదు. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, పన్నుల్లో చాలా కొద్ది భాగం మతపరమైన ఖర్చుకు వెళ్లినంత మాత్రాన ఆ అధికరణాన్ని ఉల్లంఘించినట్టు కాదని చెప్పింది. హజ్ సబ్సిడీ 2018లో ఆగింది. మిగతావి ఆగలేదు, పెరిగాయి.

అందరికీ సమానంగా ఇస్తున్నాం కదా అన్నది పాలకుల సమాధానం. అన్ని పార్టీలూ ఇదే అంటాయి. ఈ వాదన వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ రెండు చోట్ల విరిగిపోతుంది. మొదటిది, ఏ మతమూ లేనివాడి వాటా ఏమిటి? అతను కట్టిన పన్నూ ఆ మూటలోనే ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. ఎన్నికల ముందు గౌరవ వేతనం పెంచిన నాయకుడి గురించి ఆ వేతనం తీసుకునే పాస్టరు ఆదివారం ప్రసంగంలో స్వేచ్ఛగా మాట్లాడగలడా? మసీదు కమిటీ మాట్లాడగలదా? పేదలైన మతసేవకులను ఆదుకోవాలంటే వృద్ధాప్య పింఛను, ఇళ్ల పథకం, ఆరోగ్య బీమా ఉన్నాయి. వాటిని పేదవాడిగా అందుకోవచ్చు. మతసేవకుడిగా జీతం అందుకున్న రోజున ఆయన సంఘానికి కాక సచివాలయానికి జవాబుదారీ అవుతాడు. డాన్‌బరీ భక్తులు భయపడింది సరిగ్గా ఇందుకే.

ఒంగోలు చుట్టుపక్కల ఈ విషయంలో అన్నిటికంటే లోతైన గాయం ఎస్సీ ధ్రువపత్రంలో ఉంది. 1878లో గుండ్లకమ్మలో దిగినవారిలో అత్యధికులు మాదిగలు. వారి మునిమనవళ్లు ఈనాటికీ అదే పల్లెల్లో, ఊరికి అవతల అదే పేటల్లో ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట ప్రధానంగా హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. క్రైస్తవులైన ఎస్సీలను రాష్ట్రం బీసీ-సి వర్గంలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చింది. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది.

దీని ఫలితం పల్లెల్లో అందరికీ తెలిసిందే. బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. కాగితం మీద హిందువు, ఆదివారం విశ్వాసి. ఈ రెండు బతుకుల నడుమ నలిగేవారిని మోసగాళ్లు అనడం తేలిక. మోసం చేయించినది చట్టం. కులం పేరుతో కొట్టేవాడు బాధితుడు ఏ దేవుణ్ని మొక్కుతాడో అడగడు. గ్లాసు వేరుగా పెట్టే హోటలు యజమాని బాప్తిస్మ పత్రం చూడడు. హిందూ సమాజం చేసిన గాయానికి మందు ఇచ్చేటప్పుడు మాత్రం ప్రభుత్వం మందిరం, చర్చి అని విచారిస్తుంది. మతం మారాక అంటరానితనం ఉండదన్న వాదన క్రైస్తవ సిద్ధాంతాన్ని నమ్మి చెప్పేదే తప్ప, ప్రకాశం జిల్లా శ్మశానాలను చూసి చెప్పేది కాదు.

నాస్తిక దృష్టికి ఇక్కడ ఒక విచిత్రం స్పష్టంగా కనబడుతుంది. అదే పేటలో పుట్టిన యువకుడు దేవుడే లేడని బహిరంగంగా ప్రకటించినా అతని ఎస్సీ హోదాకు ఢోకా లేదు. చట్టం లెక్కలో అతను హిందువే. షెడ్యూల్డ్ తెగలను మినహాయిస్తే, ముస్లిం, క్రైస్తవుడు, పార్సీ, యూదుడు కాని ప్రతివాడూ హిందూ వివాహ చట్టం పరిధిలోకి వస్తాడు. విశ్వాసం లేకపోవడం లెక్కలోకి రాదు. అంటే విగ్రహాన్ని నిందించినవాడు హిందువుగానే మిగులుతాడు, ఏసును ప్రేమించినవాడు హక్కు కోల్పోతాడు. నాస్తికుడికి ఇది లాభమే కదా అని ఊరుకోవడం తగదు. తన పక్కింటివాడి నమ్మకానికి ప్రభుత్వం జరిమానా వేస్తున్నప్పుడు మాట్లాడని నాస్తికత్వం సగం దారిలో ఆగిపోయినట్టే. 1950 ఉత్తర్వులోని మత షరతును తొలగించమని అడగవలసిన మొదటి వరుసలో హేతువాదులు ఉండాలి.

నమ్మకం లేనివారికి చట్టం ఇచ్చే ఇబ్బంది పెళ్లి దగ్గర బయటపడుతుంది. కోస్తాలో దండలు మార్చుకుని, పెద్దల ముందు ప్రమాణం చేసి చేసుకునే పెళ్లిళ్లు ఏడెనిమిది దశాబ్దాలుగా ఉన్నాయి. పాత నెల్లూరు జిల్లా చివర తడ దాటి తమిళనాడులో అడుగుపెడితే అలాంటి పెళ్లి చట్టబద్ధం, ఎందుకంటే 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చి పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలను గుర్తించింది. తడకు ఇవతల ఆ సవరణ లేదు. సంప్రదాయ క్రతువులు జరగని హిందూ వివాహం చెల్లదని 2024లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి తెలుగు హేతువాది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందికి వెళ్లాలి. దరఖాస్తు పెట్టాక పేర్లు, చిరునామాలతో నోటీసును కార్యాలయం బోర్డుకు అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. కులాంతరమో, మతాంతరమో అయితే ఆ 30 రోజులు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. గుడిలో తాళి కట్టినవారికి ఈ నిరీక్షణ లేదు. పంతులు అక్కర్లేదన్నవారికే ఉంది. ఒక చిన్న సవరణతో తీరే అన్యాయం ఇది. తమిళనాడులో అర్ధశతాబ్దానికి పైగా అమలులో ఉన్న నమూనా పక్కనే ఉంది.

నెల్లూరు రొట్టెల పండుగ గురించి చెప్పకుండా ఈ చర్చ ముగియదు. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు తీసుకుంటారు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసే దిగుతారు. ఒకరి మతం ఒకరు అడగరు. ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. నాస్తికుడు దీన్ని మూఢనమ్మకం అని ఒక్క ముక్కలో కొట్టేస్తే చూడవలసింది చూడకుండా పోతుంది. రొట్టెల పేర్లు చదవండి. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, గృహ రొట్టె. ఈ జాబితాలో సగానికి పైగా ప్రభుత్వం నెరవేర్చవలసిన బాధ్యతలు. నీళ్లలో నిలబడి ఉద్యోగ రొట్టె కోసం చేయి చాచిన డిగ్రీ చదివిన అమ్మాయి అజ్ఞాని కాదు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి అలసిపోయిన మనిషి.

అందుకే ఘాట్ల దగ్గర ప్రభుత్వం చేయవలసింది, చేయకూడనిది వేరు చేసి చూడాలి. మంచినీళ్లు, మరుగుదొడ్లు, గజ ఈతగాళ్లు, తొక్కిసలాట జరగకుండా బందోబస్తు: ఇవి మతానికిచ్చే సాయం కాదు, గుంపుగా చేరిన పౌరులకు ప్రభుత్వం ఇవ్వవలసిన రక్షణ. రాజకీయ సభకైనా ఇదే వర్తిస్తుంది. దీన్ని తప్పుపట్టే నాస్తికులుంటే వారి లెక్క తప్పు. మంత్రి అధికార హోదాలో వచ్చి రాష్ట్రం పేరున రొట్టె పట్టుకోవడం వేరే సంగతి. వచ్చినవారు తమకు తాముగా పంచుకుంటున్న సఖ్యతకు ప్రభుత్వ ముద్ర అవసరం లేదు. ఆ సఖ్యత ఏ జీవోతోనూ పుట్టలేదు. ఇదే తేడా శ్రీహరికోట విషయంలోనూ ఉంది. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్త సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకోవడం ఆయన సొంత హక్కు. ఇస్రో అధిపతి రాకెట్ నమూనాను తిరుమల గర్భగుడి ముందు పెట్టడం మాత్రం సంస్థ పేరున చేసిన పూజ అవుతుంది. అదే కేంద్రంలో పనిచేసే ముస్లిం, క్రైస్తవ, నాస్తిక ఇంజినీర్ల శ్రమ కూడా ఆ నమూనాలో ఉంది.

మతం లేని నైతికత జనంలో నిలవదన్న వాదనకు ఈ జిల్లాలు రెండు చోట్ల జవాబిచ్చాయి. ఒకటి దూబగుంట. అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణాలపై తిరగబడ్డారు. కూలి డబ్బు, ఇంట్లో దెబ్బలు, పిల్లల ఆకలి వారి వాదన. ఏ మతగ్రంథాన్నీ ఎదుటివాడి మీద పెట్టలేదు కాబట్టి ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా ఆ వాదనను తూచి చూడగలిగారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. తర్వాత నిషేధం ఎలా నీరుగారిందన్నది వేరే కథ. బహిరంగ జీవితంలో అందరికీ అర్థమయ్యే కారణాలతో మాట్లాడటం అంటే ఏమిటో ఆ ఆడవాళ్లు చేసి చూపించారు.

రెండోది నాగండ్ల. చీరాల, ఇంకొల్లు 2022 వరకు ప్రకాశం జిల్లాలో భాగం. ఇంకొల్లు పక్కన నాగండ్లలో పుట్టిన రావిపూడి వెంకటాద్రి 1943లో కవిరాజాశ్రమం అనే హేతువాద సంస్థను స్థాపించారు. 1982 నుంచి హేతువాది మాసపత్రిక నడిపారు. 2023లో నూరేళ్లు దాటిన వయసులో కన్నుమూశారు. దేవుడు లేడని పుస్తకం తర్వాత పుస్తకం రాసిన ఆ మనిషిని దేవుణ్ని మొక్కే ఊరు దశాబ్దాల పాటు సర్పంచ్‌గా ఎన్నుకుంది. రోడ్డు, నీళ్లు, పంచాయతీ లెక్కల దగ్గర ఆయన నాస్తికత్వం ఓటర్లకు అడ్డం రాలేదు. గుడి దగ్గర వారి భక్తి ఆయనకు అడ్డం రాలేదు. చట్టం పుస్తకంలో లేని గోడను ఒక పల్లె తన తెలివితో కట్టుకుంది. నాస్తికుడు ఓట్లు తేలేడని ముందే తేల్చేసి, అభ్యర్థికి బొట్టు పెట్టించి ప్రచార రథం ఎక్కించే పార్టీలు ఈ ఒక్క ఉదాహరణ చూసినా చాలు.

ఇక ముందున్న పని కాగితాల దగ్గర మొదలవుతుంది. 2011 జనగణనలో దేశవ్యాప్తంగా సుమారు 28.7 లక్షల మంది మతం తెలపనివారుగా నమోదయ్యారు. ఏ మతానికీ చెందనని చెప్పుకునే హక్కు పౌరుడికి ఉందని, మతం ప్రకటించమని ఎవరినీ బలవంతం చేయరాదని 2014లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. జనన ధ్రువపత్రం దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అన్న గడి ఉండాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ బడి దరఖాస్తు నుంచి ఆసుపత్రి చీటీ దాకా ఆ గడి ఉండాలి. 2027 జనగణనకు ఇంటికి వచ్చే ఎన్యూమరేటరు పేరు విని, గోడ మీద పటం చూసి మతం గడి తానే నింపేసే అవకాశం ఉంది. ఆ ప్రశ్నను నోటితో అడగమనాలి. ఇంట్లో ఒక్కొక్కరి జవాబు ఒక్కోలా ఉండవచ్చు. తల్లి హిందువు, కొడుకు క్రైస్తవుడు, కూతురు ఏ మతమూ లేని మనిషి కావచ్చు. ఎవరు చెప్పింది వారి వరుసలో అలాగే రాయించుకుని, రాసిన కాగితం ఒకసారి చూసి పంపించాలి.